వన్నూరప్ప చదివిన జాడ

వానలు మొహం చాటేసిన ఇసుక దిబ్బల సీమలో వన్నూరప్ప అనే నక్క ఉండేవాడు. ఏ జీవి ఎటు వెళ్లిందో ఇసుక చూసి చెప్పేస్తానని ఆయన గొప్ప. వాసన పట్టడం చదువురాని కుక్కల పని అని ఈసడించేవాడు.

ఓబులమ్మ అనే కుందేలు ఆ మాటలు విని నవ్వుకునేది. ఆ ఉదయం మాత్రం నవ్వు రాలేదు. వాగులో ముళ్లపంది బొరియ ముందు మొలిచిన గరిక మేసి, తిన్నగా రేగుపొదలోని పిల్లల దగ్గరికి వచ్చి పాలిచ్చింది. తలెత్తి చూస్తే, తను వచ్చిన దారి మధ్యలో వన్నూరప్ప వంగి నిలబడి ఉన్నాడు!

చప్పుడు కాకుండా పొద వెనకనుంచి చుట్టుతిరిగి, ఎదురుగా ఉన్న గుట్ట మీదికెక్కి పలకరించింది.

"ఏం మామా, పొద్దున్నే ఏం వెతుకుతున్నావు?"

"వెతకడమేమిటి, చదువుతున్నాను. ఇది నీ జాడే. చిన్న గుర్తులు ముందరి కాళ్లవి, పెద్దవి వెనక కాళ్లవి. నిన్నెలాగూ పరిగెత్తి పట్టలేను. నీ పిల్లలెక్కడున్నారో ఈ ఇసుకే చెబుతుంది."

"అయ్యో! నేనెటు వెళ్లానో కూడా తెలిసిపోతుందా?"

"తెలియకేం? ముందరి కాళ్లు ముందుంటాయి, వెనక కాళ్లు వెనకుంటాయి. చిన్న గుర్తులు ఏ వైపుంటే నువ్వా వైపు వెళ్లినట్టు."

కుందేలు గెంతినప్పుడు వెనక కాళ్లు ముందరి కాళ్లను దాటుకుని ముందు పడతాయి. వన్నూరప్ప కుందేళ్లను తరిమాడే గానీ, అవి గెంతుతుంటే ఓ క్షణం నిలబడి చూసిన పాపాన పోలేదు.

ఓబులమ్మ గొంతు వణికించింది. "అటు మాత్రం పోవద్దు మామా, నీ కాళ్లు పట్టుకుంటాను!"

దాంతో ఆయనకున్న కాస్త అనుమానమూ తీరిపోయింది. తోక ఊపుకుంటూ వాగులోకి దిగి, జాడ ఆగిన చోట కనిపించిన బొరియలోకి మూతి దూర్చాడు. అంతే, వాగంతా దద్దరిల్లేలా కేక పెట్టాడు.

ఆయన మూలుగుతూ గట్టెక్కేసరికి ఓబులమ్మ పిల్లల్ని అవతలి దిబ్బ దాటించి, మళ్లీ గుట్ట మీద కూర్చుని ఉంది.

"మూతికి గుచ్చుకున్నవి ఏమిటి మామా?"

"ముళ్లపంది ముళ్లు," అన్నాడు వన్నూరప్ప, పెదవి కదిపీ కదపకుండా.

"భలే! ఈసారి సరిగ్గా గుర్తుపట్టావు."

నీతి: అడుగు గుర్తు చూసి పేరు చెప్పినంత మాత్రాన చాలదు, ఆ జీవి నడక చూసినవాడికే దారి తెలుస్తుంది.