వచ్చింది బుడుంగయ్యేనా?

అడవిలోకి కాగితాలు ఇంకా రాని రోజుల్లో గుండ్లవాగు దాటాలంటే గట్టున నిలబడి ఒక్క కేక వేస్తే చాలు. కాటుక అనే గేదె వచ్చి వీపు వంచేది. బుడుంగయ్య అనే నీటికుక్క ముందు ఈదుతూ ఎక్కడ లోతో, ఎక్కడ బండరాయో చెప్పేవాడు. చెంగయ్య అనే నక్క ఒడ్డున నిలబడి, ముందు కుందేళ్ళు, తర్వాత మేకలు, తోసుకోకండి అంటూ వరస పెట్టేవాడు.

ఎవరు నువ్వని ఎవరినీ ఎవరూ అడిగేవాళ్ళు కాదు. దగ్గు వింటే ముసలి దుప్పి అనీ, ఆకులు గలగలమంటే ముళ్ళపంది అనీ తెలిసిపోయేది. పని లేనప్పుడు ముగ్గురూ తడి ఇసుక మీద చేరి కబుర్లాడుకునేవాళ్ళు. బుడుంగయ్య కథ చెబుతుంటే కాటుక నెమరు వెయ్యడం కూడా మరిచిపోయేది.

దాటేవాళ్ళు ఎక్కువయ్యాక ముగ్గురూ కలిసి దాటించే పనినొక కంపెనీ చేశారు. ముగ్గురూ డైరెక్టర్లు. ఏ మార్పు చెయ్యాలన్నా ఇద్దరు ఒప్పుకోవాలని అనుకున్నారు. ఆ తర్వాత ఒక వేసవిలో వాగు ఎండి గుంటలు మిగిలాయి. చేపల్లేక బుడుంగయ్య దిగువనున్న పెద్ద ఏటికి వెళ్ళిపోయాడు. వానలు పడ్డాయి, వాగు నిండింది. బుడుంగయ్య మాత్రం రాలేదు. కాటుక ఒక్కతే నీళ్ళలో దిగి దాటిస్తూ, నీళ్ళలో బుడగ లేస్తే చాలు, అటు తిరిగి చూసేది.

ఇలా ఉండగా మడుగులో మొసలి నక్కను పిలిచింది.

"రేవు నా పేర పెట్టించు. దాటించేది నేను చూసుకుంటాను. నీకు కడుపునిండా చేపలు."

దాటేవాళ్ళ గతి ఏమవుతుందో చెంగయ్యకు తెలుసు. కాటుక ఒప్పుకోదనీ తెలుసు. బుడుంగయ్య ఒప్పుకున్నాడంటే మాత్రం తనతో కలిపి ఇద్దరవుతారు. అందుకని ఒక ముంగిసను పట్టుకుని, బుడుంగయ్యలా కనబడేలా ఒళ్ళంతా బురద పూసి, పాత ముచ్చట్లన్నీ నూరిపోశాడు.

వాగు పక్కన బండ మీద అడవి ఆఫీసు ఉంది. అక్కడి ఆఫీసరు కొండముచ్చు. ఆయన అప్పుడే కొత్త పద్ధతి పెట్టాడు. కంపెనీ కాగితం ఏది ఇవ్వాలన్నా, ముందు ప్రతి డైరెక్టరూ స్వయంగా వచ్చి తానెవరో రుజువు చేసుకోవాలి. చాలాకాలంగా కనపడనివాళ్ళను తోటి డైరెక్టరు చూసి పోల్చాలి.

"నేను నేనేనని చెప్పుకోవాలా?" అని ఆ ఏడాది కాగితం ఇవ్వడానికి వచ్చిన కాటుక విసుక్కుంది. "మా రోజుల్లో ఈ గొడవ లేదు."

"లేదమ్మా. అప్పుడు అడవి చిన్నది," అన్నాడు కొండముచ్చు.

అంతలో చెంగయ్య పరుగున వచ్చాడు. "అక్కా, ఎవరొచ్చారో చూడు. మన బుడుంగయ్య. ఏటేటా ఇచ్చే కాగితం ఇచ్చేసి వెళ్దామని వచ్చాడు. నువ్వు అవునంటే పనైపోతుంది."

ముంగిస తల వంచుకుని ముందుకొచ్చింది. "బాగున్నావా అక్కా? వరదలో దుప్పిపిల్లల్ని దాటించిన రోజు గుర్తుందా? నీ కొమ్ముకు తీగ చుట్టుకుంటే నేనే కొరికాను."

కాటుక కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ వరద, ఆ తీగ, భయంతో వీపు మీద వణికిన పిల్లలు, అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన గొంతు ఇదేనని నమ్మాలనిపించింది.

"ఈయనేనామ్మా?" అడిగాడు కొండముచ్చు.

"అవును" అనబోయింది.

"తొందరలేదు. గుర్తు చేసుకుని చెప్పకు. చూసి చెప్పు."

కాటుక కళ్ళు తుడుచుకుని అప్పుడు చూసింది. దగ్గరకొచ్చి వాసన చూసింది. బురద కింద ఎండిన మట్టి వాసన, పుట్టల వాసన. నీటి వాసన ఎక్కడా లేదు.  ఆమె వాగులోకి నడిచి, నడుములోతులో నిలబడింది.

"రా తమ్ముడూ. నా ముందు ఈదు."

"నాకు జలుబు చేసిందక్కా."

"నీటికుక్కకు జలుబా?"

"పాపం, ప్రయాణం చేసి అలిసిపోయాడు," అంటూ చెంగయ్య అడ్డొచ్చాడు.

"ఆయన్ను చెప్పనివ్వు," అన్నాడు కొండముచ్చు.

ముంగిస ఒక కాలు నీళ్ళలో పెట్టి, వెంటనే వెనక్కి లాక్కుంది. బురద కరిగి అసలు రంగు బయటపడింది. "అయ్యా, నాకు పాములతో పనిగానీ నీళ్ళతో పని లేదు. ఈయన చెప్పమంటే చెప్పాను," అని మొసలి సంగతితో సహా అంతా కక్కేసింది.

కొండముచ్చు చెంగయ్యను డైరెక్టరు పదవి నుంచి తీసేశాడు. కాటుక నక్క వంక చూసి, "ఆ ఇసుక మీద నువ్వూ కూర్చునేవాడివి గదా చెంగయ్యా," అంది. చెంగయ్య పొదల్లోకి వెళ్ళిపోయాడు.

ఇక ఉన్న డైరెక్టర్లు ఇద్దరే, బుడుంగయ్య రాకపోతే కాగితం కదలదు. లకుముకిపిట్ట పెద్ద ఏటికి కబురు మోసుకెళ్ళింది. కొన్నాళ్ళకు మీసాలు నెరిసి బక్కచిక్కిన జీవి ఒకటి రేవుకు వచ్చింది.

"అక్కా, కబురందింది."

కాటుక కాళ్ళు ముందుకు లాగాయి. బలవంతంగా నిలదొక్కుకుంది. "ఎవరు నువ్వు?"

"అదేంటక్కా, నన్ను మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. అందుకే అడుగుతున్నాను. ముందు ఆఫీసరుగారి దగ్గరకు పద."

అతను నవ్వాడు. "సరే. నువ్వు కాటుకవేనని నాకు మాత్రం ఎవరు చెప్పారు? నువ్వూ రా."

కొండముచ్చు ప్రశ్న పూర్తిచేసేలోగానే అతను బండ మీంచి నీళ్ళలోకి జారాడు. అలికిడి లేదు. ఎంతకీ తేలలేదు. చివరికి అవతలి గట్టున, నోట్లో చేపతో తల పైకెత్తాడు. "ఇతనే మా బుడుంగయ్య," అంది కాటుక. కొండముచ్చు ముద్ర వేశాడు. అప్పటిదాకా ఆగిన కాటుక అప్పుడు వెళ్ళి అతని వీపు మీద తల ఆనించింది. సాయంత్రందాకా ఇసుక మీద కూర్చుని, పోయినవాళ్ళనూ ఉన్నవాళ్ళనూ తలుచుకున్నారు.

ఇప్పుడు చెంగయ్య వాగు దాటాలంటే గట్టున నిలబడి కేక వేస్తాడు. లకుముకిపిట్ట "ఎవరది?" అంటుంది. అడవి అంతటికీ తెలిసిన గొంతే. అయినా బండ దగ్గరకొచ్చి, తానెవరో రుజువు చేసుకుని, వరసలో చివర నిలబడాల్సిందే.

మనసుకు ఎంత దగ్గరివాళ్ళనైనా ముద్ర వేసేముందు కళ్ళతో చూసి పోల్చుకోవాలి.