కుంకుమ పెట్టని టైర్లు

కనుమ ఎక్కి గురువు గుడిసె కింద బండి ఆపేసరికి దస్తగిరి ముఖం కందగడ్డలా ఉంది. దిగి తలుపు వేసిన తీరుకి ఆ తలుపు ఊడి చేతికి రావలసిందే. పదహారేళ్ళుగా ఇతని చేతి దెబ్బలకు అలవాటు పడిన తలుపు కాబట్టి ఊరుకుంది.

ఓబులేసు తాతకు అతను పన్నెండేళ్ళుగా శిష్యుడు. కోపం తగ్గించుకుందామనే మొదట్లో వచ్చాడు. ఇన్నేళ్ళూ వస్తూనే ఉన్నాడు, కోపం కూడా వెంటే వస్తూనే ఉంది.

ఈ రోజు ఆదివారం. కోపమంతా బండి నెత్తిన తాళ్ళతో కట్టి తెచ్చిన నాలుగు టైర్ల గురించి.

కొన్న కొత్తలో ఆ బండిని ఎస్‌యూవీ అని ఊరంతా చెప్పుకున్నాడు. ఇప్పుడది ఒట్టి బండి. ఆదివారం తప్ప రోజూ పొద్దున కొండ మీది పల్లెల నుంచి తొమ్మిది మంది ఆడవాళ్ళను ఎక్కించుకుని, కనుమ దిగి, కింద టౌనులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీ దగ్గర దించుతాడు. సాయంత్రం మళ్ళీ ఎక్కించుకొస్తాడు. అదే అతని బతుకు.

పోయిన వారం తొలి వాన పడింది. మూడో మలుపులో బ్రేకు వేస్తే బండి వెనక భాగం పక్కకు జారింది. అరిగి అరిగి నున్నగా అయిన వెనక టైర్లు రోడ్డును పట్టుకోలేదు. అంచున కట్టిన పిట్టగోడకు జానెడు దూరంలో ఆగింది. వెనక కూర్చున్న ఎనిమిది మందీ కెవ్వున అరిచారు. ముందు సీట్లో ఉన్న ఈరమ్మ మాత్రం అరవలేదు. ఆమెకు ఐదో నెల. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

ఆ సాయంత్రం దిగేటప్పుడు ఈరమ్మే అంది. "అన్నా, టైర్లు మార్చిందాక మేం బస్సులో పోతాం."

"బస్సులోనా? తెల్లారకముందే వచ్చే బస్సులోనా? పోండి! పోయి ఫ్యాక్టరీ గేటు కాడ రెండు గంటలు నిలబడండి, అప్పుడు తెలుస్తాది దస్తగిరి విలువ!" అని ఎగిరాడు. కడుపుతో ఉన్న మనిషి మీద అట్లా ఎగరవచ్చునా? ఎగిరాడు. మరునాడు తొమ్మిది మందీ మళ్ళీ బండే ఎక్కారు, కానీ మూడో మలుపు దాటేదాకా ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ మౌనం దస్తగిరికి చెంపదెబ్బ కంటే ఎక్కువగా తగిలింది.

సరే, టైర్లు మార్చాలి. మార్చాలంటే చేతిలో ఉన్నది అంతంత మాత్రం. టౌనులో జైనబ్బీ టైర్ల దుకాణానికి వెళ్ళాడు. మొగుడు పోయాక ఆ దుకాణాన్ని ఒంటి చేత్తో నడుపుతున్న మనిషి. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చూసి, తేల్చి చెప్పేసింది.

"ముందరివి ఇంకా ఆరు నెలలు వస్తాయి తమ్ముడా. వెనకవి రెండూ ఇప్పుడే మార్చు. పేరు మోసిన కంపెనీ అక్కర్లే. ఇదిగో, ఈ మామూలు రకం చాలు. ఈ ఏడు తయారైనవి. నువ్వు పొయ్యేది తారు రోడ్డే గదా. మిగిలిన రెండు చేతిలో డబ్బు ఆడినప్పుడు చూసుకుందువు."

అంత మంచి మాట చెబితే అతనికి ఏమనిపించాలి? అవమానం అనిపించింది. రెండు టైర్లా? పేరు లేని కంపెనీవా? నేనేమన్నా అడుక్కోను వచ్చినానా అనుకున్నాడు. విసురుగా బయటికొచ్చాడు. పక్క ఊళ్ళో ఎవరో పాత గోడౌను ఖాళీ చేస్తున్నారంటే అక్కడికి పరుగెత్తాడు. పెద్ద కంపెనీ టైర్లు, నాలుగూ ఒక్క రకానివి, ఒక్క రోజు కూడా రోడ్డు ఎక్కనివి, మీద సన్నని రబ్బరు వెంట్రుకలు కూడా పోనివి, సగం ధరకే దొరికాయి. ఎగిరి గంతేసి కట్టుకొచ్చాడు. బిగించడానికి ఊళ్ళో దుకాణాలు లేవా? ఉన్నాయి. అయినా జైనబ్బీ ముందే దించాడు. ఆమె చూడాలి కదా!

ఆమె చూసింది. టైరు పక్క గోడ మీద వేలు పెట్టి, అక్కడ అచ్చు వేసిన నాలుగు అంకెలు చదివింది. "చివరి రెండంకెలు తయారైన ఏడు తమ్ముడా. తొమ్మిదేళ్ళ కిందటివి ఇవి. వాడకపోయినా రబ్బరు మొద్దుబారి పోతాది. నేను బిగించను."

"టైరుకు తేదీ ఏంది అక్కా? పాల ప్యాకెట్టా?"

"నేను బిగించను" అని ఆమె ఇంకో బండి కింద కూర్చుంది.

దస్తగిరి అక్కడ నోటికొచ్చినట్టు అరిచాడు. తన దగ్గర కొనలేదన్న కడుపుమంట అన్నాడు. ఆడదానికి టైర్ల సంగతి ఏం తెలుసన్నాడు. టైర్లు మళ్ళీ బండి నెత్తికి ఎత్తించుకుని, పళ్ళు నూరుకుంటూ కనుమ ఎక్కాడు. తాత చేత కుంకుమ పెట్టించుకుని, రేపు పొద్దున్నే ఎక్కడో ఒకచోట బిగించేసి, అదే జైనబ్బీ దుకాణం ముందు నుంచి హారను కొట్టుకుంటూ పోవాలి. అదీ అతని పంతం.

తాత గుడిసె ఏటవాలు రాయి మీద ఉంటుంది. పైన ఊట నుంచి నీళ్ళు సన్నగా జారి ఆ రాయిని ఎప్పుడూ తడిగానే ఉంచుతాయి. వచ్చినవాళ్ళెవరైనా కింద చెప్పులు విడిచి, తొట్టి నీళ్ళతో కాళ్ళు కడుక్కుని, వట్టికాళ్ళతో ఆ తడి రాయి ఎక్కి రావాలి. అది అక్కడి కట్టుబాటు. పన్నెండేళ్ళలో దస్తగిరి వందలసార్లు ఎక్కాడు. వానల్లో ఎక్కాడు, జ్వరంతో ఎక్కాడు. ఒక్కసారీ జారలేదు.

ఓబులేసు తాత ఎప్పటిలాగే అరుగు మీద పని చేసుకుంటున్నాడు. తత్వం చెప్పే గురువే అయినా తాతల నాటి వృత్తి వదల్లేదు. పాత టైర్లు కోసి చెప్పులు కుడతాడు. చుట్టుపక్కల పల్లెల్లో పొలం పోయే కాళ్ళు సగం ఆయన చెప్పుల్లోనే ఉంటాయి.

దస్తగిరి పైకొచ్చి దండం పెట్టి, పెట్టిన చేతులు దించకముందే మొదలుపెట్టాడు. జైనబ్బీని తిట్టాడు. ఈరమ్మను తిట్టాడు. వాననూ, రోడ్డు వేసిన కాంట్రాక్టరునూ తిట్టాడు. తాత విన్నాడు. అంతా అయ్యాక అడిగాడు.

"ఇప్పుడేం కావాల్నంటావు?"

"కుంకుమ పెట్టు సామీ. నీ చెయ్యి పడితే చాలు, ఎవురి మాటా నాకొద్దు."

"ఒకటి తీసుకురా పైకి."

దస్తగిరి సంబరంగా దిగి, ఒక టైరు దించి, భుజానేసుకుని ఎక్కి వచ్చాడు. జేబులోంచి కుంకుమ పొట్లం తీసి విప్పి పట్టుకున్నాడు. తాత టైరును ఒళ్ళోకి లాక్కున్నాడు. బొటనవేలి గోరుతో ఒకసారి నొక్కి చూశాడు. పక్కనున్న రంపె అందుకున్నాడు. తోలు కోసే ఆ కత్తిని టైరు మీద ఆనించి, బలంగా లాగాడు.

"సామీ!"

తాత ఆగలేదు. లోపలి ఇనుప తీగలకు తగలకుండా పై పొరను ఒలుస్తూ పోయాడు.

"సామీ, కొత్త టైరు! నాలుగుంటే నాలుగూ పోయినట్టే గదా ఒకటి కోస్తే! పిచ్చిగాని పట్టిందా నీకు?"

గురువును అట్లా అనడం అదే మొదటిసారి. అనేశాక కూడా కోపం దిగలేదు. కుంకుమ పొట్లం పిడికిట్లో నలిగి ఎర్రటి పొడి వేళ్ళ సందుల్లోంచి రాలుతోంది. తాత తల ఎత్తి అతని వైపు ఒకసారి చూసి, మళ్ళీ కోతలో పడ్డాడు. మంచి రబ్బరైతే కత్తికి సాగుతుంది. ఇది ఎండు కొబ్బరిలా పొడిపొడిగా రాలుతోంది. పక్క గోడ ముక్క వంచితే సన్నటి పగుళ్ళు నోళ్ళు తెరిచాయి. దస్తగిరి అదంతా చూశాడు. చూసి కూడా మింగలేక, "పాడు చేసినావు, నిలువునా పాడు చేసినావు" అని గొణుగుతూ అరుగు ముందు అటూ ఇటూ తిరిగాడు.

పొద్దు కొండ వెనక్కి వాలేలోగా చెప్పుల జత తయారైంది. తాత వాటిని అతని ముందు పెట్టాడు.

"కిందికి పోయి, తొడుక్కొని పైకి రా."

"చెప్పులతోనా? ఈ రాయి మీదికా?"

"చెప్తాండా గదా. రా."

దస్తగిరి చెప్పులు చంకలో పెట్టుకుని వట్టికాళ్ళతో చరచరా దిగాడు. కింద తొడుక్కున్నాడు. కొత్తవి, గట్టివి, అడుగున టైరు గాడులు లోతుగా ఉన్నాయి, వాటికి ఇంకా మట్టి కూడా అంటలేదు. చూపిస్తా ఈ ముసలాయనకు అనుకున్నాడు. కోపం మీద ఒక అంగ వేశాడు. రెండో అంగ వేశాడు. మూడో అంగకు కాళ్ళ కింద రాయి లేదు.

బోర్లా పడి, మోచేయి గీరుకుంటూ తొట్టి దాకా జారాడు. మోకాలి చిప్ప రాయికి కొట్టుకుని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పి కంటే ముందు కోపం లేచింది. చెప్పులు ఊడబెరికి ఒకటి అటు, ఒకటి ఇటు విసిరేశాడు. పైకి చూసి గొంతు చించుకున్నాడు.

"ఇదేనా నువ్వు చెప్పేది? నన్ను పడెయ్యాలనే గదా ఇంత పని చేసినావు! నడుం ఇరిగుంటే?"

తాత అరుగు అంచుకు వచ్చి నిలబడ్డాడు.

"ఎంతమంది పడిరిరా?"

"ఎంతమంది ఏంది సామీ! నేనొక్కన్నే గదా!"

"అట్లయితే మేలే" అన్నాడు తాత. వెనక్కి వెళ్ళి తన పనిలో కూర్చున్నాడు.

దస్తగిరి ఇంకేదో గొణుగుతూ వెనక్కి తిరిగాడు. ఎదురుగా బండి ఉంది. ముందు సీటు కనిపిస్తోంది. ఈరమ్మ ఎండకు అడ్డంగా కట్టుకున్న పాత చీర ముక్క ఆ కిటికీకి ఇంకా వేలాడుతోంది.

ఆ తొట్టి పక్కన కూర్చున్నాడు. మోచేతి రక్తం కడుక్కున్నాడు. తర్వాత లేచి, మిగిలిన మూడు టైర్లనూ బండి మీంచి ఒక్కొక్కటిగా దించి, తాత కోత టైర్లు పడేసే మూలకు దొర్లించాడు. జేబులోంచి ఫోను తీశాడు.

"ఈరమ్మా, నేను దస్తగిరిని" అన్నాడు. "రేపు మీరందరూ బస్సులో పోండమ్మా. రేపు బండి రాదు."