సూదమ్మ గుమ్మానికి సొరబుర్ర

రండి, రండి, దగ్గరికి జరగండి. చాప మీద చోటు చాలకపోతే అరుగంచున కూర్చోండి. ఒరేయ్, ఆ బంతి పక్కన పెట్టు. కథ మధ్యలో అది దొర్లిందంటే మీరందరూ దాని వెంటే పోతారు. కుదురుగా కూర్చున్నారా? అయితే వినండి.

ఇప్పలకోన అని ఒక అడవి. అందులో సింహం, నక్క, నెమలి, గిజిగాళ్ళు, వడ్రంగిపిట్టలు, ముళ్ళపందులు ఉండేవి. అడవి మధ్యలో గుండేరు అనే వాగు పారేది.

ఆ అడవిలో కబుర్లు పంపుకోవడానికి ఒక పద్ధతి ఉండేది. చెట్టు నుంచి చెట్టుకు పొడవాటి తీగలు కట్టి ఉండేవి. ఇక్కడ తీగ లాగితే అక్కడ ఎవరి ఇంట్లోనో తీగ కొసకు కట్టిన గిలక మోగేది. మెల్లగా గల్... గల్ అంటే "బాగున్నారా" అని. రెండుసార్లు టక్కుటక్కున మోగితే "ఒకసారి రండి" అని. ఆగకుండా గలగలగల మోగిందంటే "లేవండి, పారిపోండి" అని. తీగలు అందరివీ. గిలక మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.

సూదమ్మ అనే ముళ్ళపంది గుండేటి గట్టున బొరియలో పిల్లలతో ఉండేది. వాళ్ళ అక్క కొండమీద ఉండేది. కొండమీద వాన పడితే వాగు పొంగుతుంది. ఆ సంగతి ముందుగా తెలిసేది అక్కకే. అక్క కబురు అందకపోతే సూదమ్మ పిల్లలు బొరియలోనే మునిగిపోతారు.

ఇన్నాళ్ళూ సూదమ్మ ఇంట్లో ఉంటే తీగకు, బయటికెళితే మెడలో కట్టుకునే చిన్న గిలక వాడేది. దుంపలు తవ్వేటప్పుడు అందులోకి మట్టి పోయేది, మోత వినపడేది కాదు. అందుకని ఇంటి గుమ్మానికి కట్టుకునే పెద్ద సొరబుర్ర, అంటే ఎండు సొరకాయతో చేసిన గిలక, ఒకటి తెచ్చుకోవాలనుకుంది.

పక్కనే గూడు కట్టుకున్న నెమలి నీలాలయ్య ఇంటికి అప్పటికే ఒక బుర్ర ఉంది. అది సింహరాజు దర్బారు వాళ్ళు చేసింది. నున్నగా ఎర్ర లక్క పూసి, మూతి మీద పంజా ముద్ర వేసి ఉంది.

"ఎంత బాగుందో! లోపల ఏముంటుంది నీలాలయ్యా?" అని సూదమ్మ అడిగింది.

"లోపలి సంగతి మనకెందుకు? పైన ముద్ర ఉంది చాలదూ?"

"చాలుతుందేమో. కానీ మోత ఎలా వస్తుందో తెలుసుకోవాలని ఉంది."

"నీ ముళ్ళకన్నా నీ ప్రశ్నలే ఎక్కువ గుచ్చుకుంటాయి సూదమ్మా!" అని నెమలి నవ్వింది.

సరిగ్గా అప్పుడే దర్బారు వడ్రంగిపిట్ట అటు వచ్చింది. బుర్రలు కట్టే పని దానిదే. సూదమ్మ దాన్నీ వదల్లేదు.

"దీన్ని విప్పి చూడవచ్చా?"

"కూడదు. ముద్ర పగిలితే మీ ఇంటికొచ్చే తీగ కోసేస్తాం."

"చెడిపోతే?"

"మాకు కబురు పెట్టు. వచ్చి బాగు చేస్తాం."

"గిలక మోగనప్పుడు కబురు ఎలా పెట్టాలి?"

వడ్రంగిపిట్ట తల గోక్కుంది. "అది... ఇంతవరకు ఎవరూ అడగలేదు" అని ఎగిరిపోయింది.

సూదమ్మ ఆలోచనలో పడింది. దర్బారు బుర్ర మోత మంచిదే, చూడముచ్చటగానూ ఉంది. కానీ పిల్లల ప్రాణాలు దాని మీద ఆధారపడి ఉన్నాయి. అది మోగకపోతే చెడిపోయిందని ఎలా తెలుస్తుంది?

మర్నాడు నక్క ఒక సొరబుర్ర భుజాన వేసుకుని వచ్చింది. "అక్కా! దర్బారువాళ్ళ బుర్ర నీకు నచ్చలేదటగా? ఇదిగో, గిజిగాళ్ళు చేసింది. మూత ఉంది, ఎప్పుడైనా విప్పుకోవచ్చు. నీకోసమే తెచ్చాను" అంది.

"విప్పుకోవచ్చా? అయితే విప్పుతాను."

"ఇప్పుడెందుకక్కా! ముందు గుమ్మానికి కట్టుకో. తర్వాత తీరిగ్గా..."

సూదమ్మ అప్పటికే మూత తీసేసింది. లోపల గింజలు ఉన్నాయి. అడుగున ఒక చిన్న బెజ్జం ఉంది. అందులోంచి వెంట్రుకంత సన్నటి తీగ బయటికి వెళుతోంది. నక్క వెనక పొదల్లోకి సాగి ఉంది.

"ఈ రెండో తీగ ఏమిటి తమ్ముడూ?"

"అదా... అది... అందానికి!"

"అందానికైతే ఎవరికీ కనపడకుండా అడుగున కట్టారెందుకు?"

సూదమ్మ వాసన చూసుకుంటూ ఆ తీగ వెంట నడిచింది. అది తిన్నగా నక్క గుహలోకి పోయింది. అంటే తన ఇంటికి వచ్చే ప్రతి కబురూ నక్క ఇంట్లోనూ మోగుతుందన్నమాట. అక్క "ఒకసారి రా" అని పిలవగానే, తను కొండకు వెళుతుందనీ, పిల్లలు ఒంటరిగా ఉంటారనీ నక్కకు తెలిసిపోతుంది.

సూదమ్మ ముళ్ళన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదు కానీ, నక్క చాలాకాలం ముక్కు వాచి తిరిగిందట.

సూదమ్మ నేరుగా గిజిగాడు పోచయ్య దగ్గరికి వెళ్ళింది. బుర్ర ఎలా చేస్తారో కళ్ళతో చూస్తానంది.

"చూడమ్మా, దాచేదేముంది?" అన్నాడు పోచయ్య. సొరకాయ ఎండబెట్టడం, గుజ్జు తీయడం, గడ్డిపోచలతో మూత అల్లడం, గింజలు వేయడం, అన్నీ చూపించాడు. బుర్ర వంకరగా ఉంది. లక్క లేదు, ముద్ర లేదు.

"ఒక్క మాట," అన్నాడు పోచయ్య. "చెడితే బాగు చేయడానికి నేను వస్తానని అనుకోకు. నీదే చాకిరీ. వారం వారం విప్పి తుడుచుకోవాలి. ఇంకోటి, బుర్ర ఎవరు తెచ్చినా విప్పి చూడు. నేను తెచ్చినా సరే."

ఆ మాట సూదమ్మకు బాగా నచ్చింది. బుర్ర తెచ్చి గుమ్మానికి కట్టుకుంది.

వానాకాలం మొదలైంది. ఒకరోజు సూదమ్మ బుర్ర విప్పి చూస్తే, లోపలి అడవి చిక్కుడు గింజలు తేమకు ఉబ్బి ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఇంకొన్నాళ్ళు చూడకపోతే మోతే ఉండేది కాదు. ఆమె వాటిని పారబోసి, గట్టిగా ఉండే గురివింద గింజలు వేసింది. ఊపి చూసింది. గలగలలాడింది. వెంటనే పోచయ్యకు చెప్పింది.

"అరె! నాకు తట్టనేలేదు," అని పోచయ్య మురిసిపోయాడు. ఆ సాయంత్రానికల్లా గిజిగాళ్ళ చెట్టు మీద ఉన్న బుర్రలన్నిటిలో గురివింద గింజలు పడ్డాయి.

సూదమ్మ నీలాలయ్యకూ చెప్పింది. "నీ బుర్ర ఈ మధ్య మోగిందా? తేమ పట్టిందేమో చూడు."

"ముద్ర పగలగొట్టమంటావా? మోగలేదంటే ఎవరూ కబురు పంపలేదని అర్థం," అంది నెమలి.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం. ఇప్పలకోనలో ఎండ కాస్తోంది. ఉన్నట్టుండి సూదమ్మ గుమ్మంలో బుర్ర గలగలగల మోగడం మొదలుపెట్టింది. ఆగలేదు. అక్క కొండమీద నుంచి తీగను ఊపిరి తిప్పుకోకుండా లాగుతోంది.

సూదమ్మ పిల్లలను బొరియలోంచి తోసుకుంటూ మిట్టకు పరుగు తీసింది. దారిలో నెమలి గూటి దగ్గర ఆగింది. నెమలి భార్య గుడ్లు పొదుగుతోంది.

"నీలాలయ్యా, వరద! లేవండి!"

"ఇక్కడ చినుకు లేదు, వరద ఎక్కడిది?"

"అక్క కబురు పంపింది. నా బుర్ర మోగుతూనే ఉంది!"

"కొండమీది తీగ నా ఇంటికీ ఉంది. నా బుర్ర మోగలేదే! దర్బారు బుర్రకు తెలియనిది నీ వంకర బుర్రకు తెలిసిందా?"

"నా మాట విను. గుడ్లు ఒక్కొక్కటే ముక్కుతో దొర్లించుకుంటూ మిట్టకు చేర్చవచ్చు. నేను సాయం పడతాను."

"వెళ్ళమ్మా, వెళ్ళు. నీ పిల్లలు ఏడుస్తున్నారు."

సూదమ్మ ఇక నిలబడలేకపోయింది. పిల్లలను మిట్టకు చేర్చి వెనక్కి తిరిగేసరికి ఎర్రటి నీళ్ళు గట్టు దాటి వచ్చేశాయి. నెమళ్ళు రెండూ ఎగిరి కొమ్మ ఎక్కాయి. గూడు కొట్టుకుపోయింది. గుడ్లు కొట్టుకుపోయాయి.

తెల్లవారాక నీళ్ళు తీశాయి. నీలాలయ్య తడిసిన తోక ఈడ్చుకుంటూ గూడున్న చోటికి వచ్చాడు. సూదమ్మ కూడా తన గుమ్మానికున్న బుర్ర ఊడదీసుకుని అక్కడికి వచ్చింది. చెట్టుకు కట్టిన దర్బారు బుర్ర ఇంకా ఎర్రగా మెరుస్తూనే ఉంది. ముక్కుతో ఒక్క పోటు పొడిచాడు. ముద్ర పగిలింది. లోపల గింజలు ముద్దగా అంటుకుపోయి ఉన్నాయి. కొన్నిటికి తెల్లటి మొలకలు కూడా వచ్చాయి.

అప్పుడే వడ్రంగిపిట్ట వచ్చి వాలింది. "ముద్ర పగలగొట్టింది ఎవరు?" అని గద్దించింది.

"నేనే," అన్నాడు నీలాలయ్య. "లోపలికి చూడు. నీ గింజలు మొలకెత్తాయి. నా గుడ్లు ఇక పిల్లలు కావు."

వడ్రంగిపిట్ట లోపలికి చూసింది. సూదమ్మ వైపు తిరిగి, చిన్న గొంతుతో అడిగింది. "నువ్వు ఏ గింజలు వేశావమ్మా?"

సూదమ్మ తన బుర్ర మూత తీసి, దాని ముందు పెట్టింది. "చూసుకో," అంది.

అదర్రా కథ. లేవండి, చీకటి పడకముందే ఇళ్ళకు చేరండి. పొయ్యి మీద అన్నం ఉడికిపోయి ఉంటుంది. కాళ్ళు కడుక్కుని వేడివేడిగా తినండి. ఇదొక్కటి మాత్రం గుర్తుంచుకుని వెళ్ళండి.

నీతి: మన క్షేమం దేనిమీద ఆధారపడి ఉందో, దాన్ని పైముద్ర చూసీ నమ్మకూడదు, విప్పుకోవచ్చన్న మాట వినీ నమ్మకూడదు, విప్పి, చూసి, తెలుసుకున్నాకే నమ్మాలి.