అంచులు కోయని పుస్తకం

వీరంపేట శాఖా గ్రంథాలయంలో పేర్రాజు అనే లైబ్రేరియన్ ఉండేవాడు. చదవని పుస్తకాన్ని మూడుసార్లు చదివానని చెప్పడం ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు.

ఏ పుస్తకం బాగుంటుందని ఎవరు అడిగినా ఆయన తడుముకునేవాడు కాదు. వంటలు, వ్యవసాయం, చరిత్ర, నక్షత్రాలు, నవలలు, ఏ బీరువా ముందు నిలబడినా ఒకటే ధాటి. "ఇది తీసుకెళ్లండి. నేను మూడుసార్లు చదివాను. మూడోసారి కళ్లనీళ్లు ఆగలేదు" అనేవాడు. తేనెటీగల పెంపకం పుస్తకానికి కూడా ఆయనకు కళ్లనీళ్లు ఆగలేదట! నిజానికి ఆయన చదివేది అట్ట వెనక ఉండే నాలుగు వాక్యాలు మాత్రమే. పాతికేళ్లుగా వాటితోనే నెట్టుకొస్తూ, ఊళ్లో గొప్ప చదువరి అనిపించుకున్నాడు. రోజూ పేపరు చదవడానికి వచ్చే రిటైర్డు పోస్టుమాస్టరు గున్నేశ్వరరావు గారైతే, "మా పేర్రాజు గారు చదవని పుస్తకం ఇక్కడ లేదు" అని కొత్తవాళ్లకు గర్వంగా చెప్పేవారు.

ఒక నవంబరు సాయంత్రం నూకరత్నం అనే ఆవిడ వచ్చింది. ఆవిడ ఊరి అంగన్‌వాడీలో ఆయా. పదేళ్లుగా పిల్లలకు అన్నం తినిపించి, మూతులు కడిగి, నిద్రపుచ్చుతోంది. పదో తరగతి పాసైతే తనే టీచరు కావచ్చు. అందుకే చిన్నప్పుడు ఆగిపోయిన చదువును ఓపెన్ స్కూల్లో మళ్లీ మొదలుపెట్టింది.

"అక్షరాలు వచ్చండి. కానీ కూడబలుక్కుని చదువుతానండి. నేను ప్రశ్న చదివేలోపు పరీక్ష అయిపోద్దండి. గబగబా చదవడం అలవాటయ్యే పుస్తకం ఏదైనా చెప్పండి మేష్టారూ" అంది.

పేర్రాజు బీరువాలో అన్నిటికంటే లావుగా ఉన్నదాన్ని లాగి, దుమ్ము దులిపాడు. అదొక పాతకాలపు తత్వగ్రంథం. పుస్తకం ఎంత లావుంటే ఇచ్చినవాడికి అంత గౌరవమని ఆయన నమ్మకం.

"ఇది పూర్తి చేశావంటే నీకు ఇంక ఎదురుండదమ్మా. నేను మూడుసార్లు చదివాను" అన్నాడు.

నూకరత్నం దాన్ని కొంగులో చుట్టుకుని తీసుకెళ్లింది. పదిహేను రోజులకోసారి వచ్చి గడువు పొడిగించుకునేది. "ఎలా ఉందమ్మా?" అని ఆయన అడిగితే, "చదువుతున్నానండి. వదలనండి" అనేది.

జనవరిలో ఒకరోజు వచ్చి పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇంక నా వల్ల కాదండి. పరీక్షకి దరఖాస్తు ఇవ్వడానికి ఎల్లుండే ఆఖరు. నేను ఇవ్వనండి. నా బుర్రకి చదువెక్కదండి."

"ఎంతవరకు చదివావమ్మా?"

"నలభై పేజీలు తిన్నగానే చదివేనండి. ఆ తర్వాత కాగితాలు తెరుచుకోవడం లేదండి. రెండేసి కలిసి పైన అతుక్కుని ఉన్నాయి. కోద్దామంటే గవర్నమెంటు పుస్తకం పాడైపోద్దని భయం. చదువుకున్నోళ్లకి దీనికేదో పద్ధతి ఉంటదనుకున్నానండి. స్కేలు దూర్చి, కాగితం పైకెత్తి, ఒక కన్ను మూసుకుని లోపలికి చూసి చదివేను. అలా ఇంకో పద్నాలుగు పేజీలు అయ్యాయండి. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మీరు మూడుసార్లు చదివేరు కదండీ. ఎలా చదవాలో ఒక్కసారి చూపించండి మేష్టారూ."

అందులో వెటకారం లేదు. ఆవిడ నిజంగానే అడిగింది.

పేర్రాజు పుస్తకం తెరిచి చూశాడు. అచ్చాఫీసులో అంచులు సరిగ్గా కోయకుండా పంపిన ప్రతి అది. లైబ్రరీకి వచ్చి ముప్ఫై ఏళ్లయినా దాని మడతలు ఎవరూ విప్పలేదు. అవతల గున్నేశ్వరరావు గారు పేపరు దించి ఇటే చూస్తున్నారు.

తప్పించుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. 'నేను చదివింది వేరే ప్రతి' అంటే ఇద్దరూ నమ్మేవారు. నూకరత్నం తలూపి ఇంటికి వెళ్లి, తన బుర్రే మంచిది కాదనుకుని జన్మంతా ఆయాగానే ఉండిపోయేది. ఆ ఆలోచనకే పేర్రాజు సిగ్గుతో చచ్చిపోయాడు. ఒక పుస్తకం తీసుకెళ్లి మళ్లీ ఈ గడప తొక్కని మొహాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

ఆయన లేచి నిలబడ్డాడు.

"నీ బుర్రకేం లోటు లేదమ్మా. తప్పు నాది. ఈ పుస్తకం నేను ఒక్కసారి కూడా చదవలేదు. ఇదే కాదు, ఇక్కడున్న వాటిలో నేను పూర్తిగా చదివింది ఒక్కటీ లేదు" అన్నాడు. గున్నేశ్వరరావు గారి చేతిలోంచి పేపరు జారిపోయింది.

నూకరత్నం పుస్తకాన్ని ఆయన వైపు తోసేసి, "రెండు నెలలండి! పొయ్యి దగ్గర కూడా ఒంటికన్ను పెట్టుకుని చదివేనండి" అంది. ఆవిడ గొంతులో ఏడుపూ ఉంది, కోపమూ ఉంది.

"ఆ దరఖాస్తు మాత్రం ఇచ్చెయ్యి తల్లీ. ఒక్క అరగంట కూర్చో" అని బతిమాలాడు పేర్రాజు.

పిల్లల బీరువాలోంచి ఇరవై పేజీల పల్చటి పుస్తకం తీసి, ఆవిడ ముందే కూర్చుని మొదటి అక్షరం నుంచి చదివాడు. కోడిపిల్లల్ని లెక్కపెట్టలేక తిప్పలుపడే ఒక ముసలమ్మ కథ అది. పన్నెండో పేజీ దగ్గర ఆయన పకపకా నవ్వేశాడు. చివరిదాకా చదివాకే ఆవిడ చేతికిచ్చాడు. నూకరత్నం వేలు పెట్టి మెల్లగా చదువుకుంటూ వెళ్లింది. పన్నెండో పేజీకి వచ్చేసరికి ఆవిడా నవ్వేసింది. మర్నాడు దరఖాస్తు ఇచ్చింది.

ఆ రోజు నుంచి పేర్రాజు నడుం బిగించాడు. పొద్దున్నే తలుపులు తీయడానికి గంట ముందే వచ్చి చదివేవాడు. కథల తర్వాత ప్రయాణాలు, మొక్కలు, మన శరీరం, చరిత్ర... తనకు నచ్చింది, నూకరత్నం చదవగలిగిందీ అయితేనే ఇచ్చేవాడు. ఒక పుస్తకం మొదట్లో విసుగ్గా ఉంటే, "పది పేజీలు ఓపిక పట్టమ్మా, నేనూ పట్టాను" అని చెప్పేవాడు. ఆవిడకు ఆ మాటే పెద్ద బలం. లెక్కలు మాత్రం రెండోసారికి గట్టెక్కాయి గానీ, మిగిలినవన్నీ మొదటిసారే పాసైంది. ఏడాది తిరగకుండా పక్క వీధి అంగన్‌వాడీలో టీచరైంది.

ఆ తర్వాత ఒకరోజు వచ్చి, "పిల్లలకి చదివి వినిపించడానికి ఈ ఏనుగు బొమ్మ పుస్తకం బాగుంటదా మేష్టారూ?" అని అడిగింది.

పేర్రాజు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. అట్ట వెనక నాలుగు వాక్యాలు కనిపించాయి. వాటి జోలికి పోలేదు.

"తెలియదండీ టీచరు గారూ. ఇది నేను చదవలేదు."

నూకరత్నం నవ్వుతూ కుర్చీ లాక్కుంది. "అయితే చదవండి. నేను కూర్చుంటాను."

పెద్దలైనా పిల్లలైనా తెలుసుకోవలసింది ఇదే: తెలియనిదాన్ని తెలుసునని చెబితే నష్టపోయేది మనల్ని నమ్మినవాళ్లు, కాబట్టి మనం చదవని పుస్తకాన్ని ఎవరికీ మంచిదని చెప్పకూడదు.