ఎర్రరాయి

ఒక కొండవాలున గోల్ఫ్ మైదానం ఉండేది. బంతి కొట్టే చోట ఒక తెల్లరాయి, అవతల జెండా పాతిన గుంట, రెంటికీ నడుమ ఒక వాగు. రాయి దగ్గర నిలబడి కొట్టిన బంతి వాగు దాటాలి. అదీ ఆట.

వేదాద్రికి డెబ్బై ఆరేళ్లు. నలభై ఐదేళ్లుగా అక్కడే ఆడుతున్నాడు. ఈ మధ్య ఆయన బంతి వాగు దాటడం లేదు. రోజూ మూడు బంతులు తెచ్చి, మూడూ నీళ్లపాలు చేసి, అవతలి గట్టు తొక్కకుండానే ఇంటికి పోతున్నాడు.

ఒకనాడు వచ్చేసరికి తెల్లరాయికి వంద అడుగుల ముందు ఒక ఎర్రరాయి కనిపించింది. తోటి ముసలివాళ్లు అక్కడి నుంచి కొడుతున్నారు. బంతులు దాటుతున్నాయి. కబుర్లు చెప్పుకుంటూ వాళ్లు వంతెనెక్కి పోతున్నారు.

ఆయన మైదానం కాపరి దగ్గరికి వెళ్లాడు. ఆమె గడ్డి కోసే యంత్రం ఆపింది.

"ఏమ్మా, ఆ రాయి ఎందుకు పెట్టావు?"

"పెద్దవాళ్లు కూడా హాయిగా ఆడుకుంటారని."

"దగ్గర్నుంచి కొడితే అది ఆటెలా అవుతుంది? అసలు చోటు తెల్లరాయే కదా!"

"కాదండీ. మా నాన్న కాపరిగా ఉన్న రోజుల్లో తెల్లరాయి ఇప్పుడు ఎర్రరాయి ఉన్నచోటే ఉండేదట. ఎవరో కుర్రాయన, బలంగా కొట్టేవాడట, 'ఇది మరీ తేలిక, వెనక్కి జరపండి' అన్నాడట. జరిపారు."

వేదాద్రి ఏనాడో మరిచిపోయిన మాట అది. ఆ కుర్రాయన తనే. ఆ తర్వాత అప్పటి పెద్దవాళ్లు ఒక్కొక్కరే రావడం మానేశారు. ఆట మీద మోజు తీరిందేమో అనుకున్నాడు తప్ప, ఒక్కరినీ అడిగిన పాపాన పోలేదు.

ఆయనకు అంతా అయోమయంగా ఉంది. ఇన్నేళ్లూ ఆట నియమమని పట్టుకు వేలాడింది తన నోటి మాటనేనా? పోనీ, అంతకు ముందు మాత్రం ఎవరూ జరపలేదని ఏమిటి నమ్మకం?

"మరి అసలు చోటు ఏదమ్మా?"

"నాకూ తెలీదండీ. గుంట మాత్రం ఎప్పుడూ కదల్లేదు."

ఆయన వెళ్లి ఎర్రరాయి దగ్గర నిలబడి కొట్టాడు. బంతి వాగు దాటింది. అవతలి గట్టున ముసలివాళ్లు కేకలు పెట్టారు. సంబరపడాలో సిగ్గుపడాలో ఆయనకు పాలుపోలేదు. వంతెన చెక్కలు ఎప్పుడో మార్చారని, దాని మీద అడుగు పెట్టాకే తెలిసింది.

గుంట దగ్గర ఒక అమ్మాయి ఎదురొచ్చింది. ఆమె కొడితే బంతి కంటికి ఆనదని పేరు.

"తాతగారూ, మీ మాట అందరూ వింటారు. తెల్లరాయి మరీ దగ్గరైపోయింది, ఇంకాస్త వెనక్కి జరిపించండి."

ఆయన వాగు అవతలి తెల్లరాయి వైపు చూశాడు. ఆమె అడిగింది తప్పా? అప్పుడు తను అడిగింది మాత్రం తప్పా? ఎటూ తేల్చుకోలేకపోయాడు.

"నీకు ఇంకో రాయి పాతించుకో తల్లీ. ఉన్నవాటిని మాత్రం పీకనివ్వకు."

"ఆ ఎర్రరాయి కూడానా? ముందు ముందు అక్కడ ఎవరు నిలబడతారు తాతగారూ?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు.

"నువ్వే," అన్నాడు.