గేటు దగ్గర కూర్చున్నావిడ

మార్గశిర శుద్ధ తదియ, బుధవారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, తిరుమల కొండమీద దర్శనానికి వేచివుండే కంపార్ట్‌మెంటులో, నేలమీద తువాలు పరుచుకుని కూర్చున్న వకుళమ్మగారు తమ గురువుగారిని ఒక ప్రశ్న అడిగారు.

"గురువుగారూ, ఊరూ పేరూ తెలియని వాళ్ళకి మనసులో మాట చెప్పుకోవలసిన అగత్యం మనిషికి ఏమిటండీ?"

ఈ ప్రశ్న గీతలోంచి పుట్టింది కాదు, కోడలి ఫోనులోంచి పుట్టింది. కోడలు హిమజ బ్లాగు రాస్తుంది. కాపరానికి వచ్చిన తొలి శ్రావణంలో, వరలక్ష్మీవ్రతం నాడు కలశానికి చీర కడుతుంటే కొబ్బరికాయ దొర్లి సోఫా కిందికి పోయిందనీ, అత్తగారు చూడకముందే దాన్ని చీపురుతో లాగి, కడిగి, పసుపు రాసి మళ్ళీ కూర్చోబెట్టాననీ అందులో రాసింది. ఎదురింటి వాళ్ళమ్మాయి చదివి వినిపిస్తే గాని అత్తగారికి తెలియలేదు. నలభై ముగ్గురు నవ్వుతున్న బొమ్మలు కూడా పెట్టారట. చీపురు! వకుళమ్మగారికి రెండు రోజులు పూజలో మనసు నిలవలేదు. కొండకి బయల్దేరుతూ, "నేను తిరిగి వచ్చేసరికి ఆ బ్లాగు ఉండకూడదమ్మాయ్" అన్నారు. "సరే అత్తయ్యా" అంది హిమజ. ఆ పూట అన్నం కలిపింది గాని తినలేదు. అది వకుళమ్మగారి కంట పడింది. తను చెప్పింది న్యాయమేనని గురువుగారి నోట ఒక్కమాట వింటే, ఆ కంచం కళ్ళముందు నుంచి తప్పుకుంటుందని ఆవిడ ఆశ.

అవధానిగారు నెల్లూరు మూలాపేటలో సాయంత్రాలు గీత చెబుతారు. ప్రశ్న అడిగిన వాళ్ళకి జవాబు బదులు ఏదో ఒక పని పురమాయించడం ఆయన అలవాటు. "గేటు ఎప్పుడు తెరుస్తారో అదుగో, ఆవిడని కనుక్కుని రామ్మా" అని, ఉత్తరీయం మొహం మీదికి లాక్కుని గోడకి చేరగిలబడ్డారు.

గేటు పక్కన ఒకావిడ గుండు చేయించుకుని, నెత్తిమీద గంధం ఆరబెట్టుకుంటూ బాసింపట్టు వేసి కూర్చుంది. వకుళమ్మగారు దగ్గరికి వెళ్ళి నోరు తెరిచేలోగానే, "కూచో అక్కా. నిలబడుకోని ఉంటే తొందరగా తీస్తారా ఏంది?" అని చెయ్యిపట్టి కూర్చోబెట్టేసింది. ఏ ఊరని అడగలేదు. తన సంగతే మొదలుపెట్టింది.

"మా చిన్నాయన కాశీకి పోయినోడు పన్నెండేండ్లు రాలేదక్కా. పెద్దోళ్ళందరినీ అడిగి కర్మ చేసేసినాం. ఏడాది తిరక్కముందే వాకిట్లోకొచ్చి, 'ఏం వండినారు?' అన్నాడు. గోడమీద ఫొటోకి దండుండె కదా, ఎవరూ చూడకుండా నేనే లాగి కొంగులో దాపెట్టినా. ఇంతవరకూ ఆయనకు తెలీదు."

వకుళమ్మగారికి నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది, ఆ తుడుచుకోవడంలో నోరు జారింది.

వకుళమ్మగారింట్లో తిథులన్నీ ఆవిడే గుర్తుపెట్టుకుంటారు. అత్తగారు పోతూ పోతూ చేతికిచ్చిన నోటుబుక్కు చూసి తద్దినాల రోజులు చెబుతారు. నాలుగేళ్ళ కిందట బీరువా సర్దుతూ మళ్ళీ చూసుకుంటే తెలిసింది, తను ఒక వరస కిందది చదివారని. మామగారి తిథి పై వరసలో ఉంది. తను చెబుతూ వచ్చింది ఆయన అన్నగారిది. ఆ అన్నదమ్ములిద్దరూ పొలం గట్టు దగ్గర తగాదా పడి, బతికినంతకాలం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"నోరు పెగల్లేదమ్మా. ఆరేళ్ళనించీ అదే రోజున పెడుతున్నాం. ఏటేటా మా ఆయన, 'వకుళ ఉండబట్టి మా నాన్నకి తిథి తప్పడం లేదు' అని నలుగురిలో చెప్పుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు చచ్చినంత పనవుతుంది."

గుండు చేయించుకున్నావిడ నెత్తిమీద గంధం తడిమి చూసుకుంది. "బాధెందుకక్కా? రోజు అన్నది, పిలిచింది తమ్ముణ్ణి, ఇద్దరూ వచ్చుంటారు. ఒకే ఆకు కాడ కూచున్నాక ఎన్నేండ్లని మాట్లాడుకోకుండా ఉంటారు? ఈపాటికి రాజీ అయిపోయుంటారు."

మధ్యలో ఎవరో పాలు తెచ్చిచ్చారు. ఇద్దరూ తాగారు. ఇంకా ఏమేం మాట్లాడుకున్నారో ఆ దేవుడికే తెలియాలి. మూడు గంటలకి గోవిందనామాలతో కంపార్ట్‌మెంటంతా ఒక్కసారి లేచి గేటు వైపు తోసుకొచ్చింది. ఆ గుండు జనంలో కలిసిపోయింది.

అవధానిగారు ఉత్తరీయం దులుపుకుంటూ వచ్చారు. "గేటు ఎప్పుడు తెరుస్తారన్నారమ్మా?"

వకుళమ్మగారు నాలిక కరుచుకున్నారు. "అడగడం మర్చిపోయానండీ."

"ఆవిడ పేరు?"

"అదీ అడగలేదు."

"సరే, పద" అన్నారాయన.

మర్నాడు గురువారం, పొద్దున్నే కాఫీల దగ్గర వకుళమ్మగారు ఆ నోటుబుక్కు తెచ్చి భర్త శేషగిరిరావుగారి ముందు పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఆయన గ్లాసు పక్కన పెట్టారు. కళ్ళజోడు పెట్టుకుని రెండు వరసలూ చదివారు, మళ్ళీ చదివారు. "అమ్మ ఇంత సన్నంగా రాస్తే ఎవరికి మాత్రం ఆనుతుంది?" అని, పురోహితుడికి ఫోన్ చెయ్యడానికి లేచారు. పెదనాన్న, నాన్న ఒకే విస్తరి దగ్గర అని ఆయన ఫోనులో అనేసరికి హిమజ నవ్వాపుకుంటూ పెదవి కొరుక్కుని వంటింట్లోకి పారిపోయింది. వకుళమ్మగారు వెనకాలే వెళ్ళారు. "ఆ బ్లాగు తీసేశావా?"

"ఇవాళ తీసేద్దామనుకున్నానత్తయ్యా."

"ఉండనీ. ఇది కూడా రాయి. పేర్లు మార్చు. ముందు టిఫిన్ తిను."

ఆ తర్వాత ఆవిడ రెండు వీధులు నడిచి, తన సంచిలో ఉండిపోయిన ఆయన వంతు లడ్డూ ప్రసాదం అవధానిగారికి ఇచ్చి, ఇంట్లో జరిగిందంతా చెప్పారు. "నాలుగేళ్ళు మావాళ్ళకి చెప్పలేనిది, ముక్కూ మొహం తెలియనావిడకి ఎలా చెప్పగలిగానండీ?"

అవధానిగారు ప్రసాదం కళ్ళకద్దుకున్నారు.

"అయినవాళ్ళతో మాట్లాడబోయే ముందు గొంతు సవరించుకోవద్దా, అమ్మా?" అన్నారు.