నాంచారమ్మ తోటలో ప్లాస్టిక్ పచ్చిక

ఎర్రకొండ కింద జంతువులకి పెళ్ళయినా పేరంటమైనా ఒకప్పుడు ఒకటే చోటు, నాంచారమ్మ తోట. నాంచారమ్మ మేక. తెల్లటి ఒళ్ళు, నల్లటి చెవులు, ఎవరితోనైనా కళ్ళలోకి చూసి మాట్లాడే అలవాటు. మొగుడు పోయాక ఆ తోటనే పెళ్ళిళ్ళకి ఇస్తూ, వాళ్ళు తెచ్చిచ్చే గింజలతోనూ కొమ్మలతోనూ పిల్లల్ని పెంచుకొస్తోంది.

ఆ తోటకి రెండు జబ్బులు. ఒకటి, అందులో గడ్డి నిలవదు. పందిట్లో కూర్చున్న గొర్రెలూ దూడలూ తాళి కట్టేలోపే కింద ఉన్నదంతా మేసేస్తాయి. వాటిని కసురుకోవడానికి నాంచారమ్మకి మొహం చెల్లదు, ఎందుకంటే అవి మిగిల్చింది మర్నాడు తనే మేస్తుంది. రెండోది, తోట పల్లంలో ఉంది. పైగా బంకమట్టి. ఒక జల్లు పడితే నీళ్ళు ఎటూ పోక అక్కడే నిలిచిపోతాయి. పోయిన శ్రావణంలో కుందేళ్ళ పెళ్ళికి వచ్చిన మగపెళ్ళివారు బురదలో కూరుకుపోయారు. పెళ్ళికొడుకు తండ్రిని చెవులు పట్టుకుని పైకి లాగాల్సి వచ్చింది. ఆ సంగతి కొండంతా పాకింది. అప్పట్నుంచి పెళ్ళివాళ్ళందరూ వాగు అవతలి బండ మీదకి పోతున్నారు. ఈ ఏడు కూడా ఇలాగే గడిస్తే తోట వదిలేసుకుని పిల్లలతో అక్క పంచన చేరాల్సిందేనని నాంచారమ్మకి తెలుసు. ఆ అక్క నోటికి జడిసి, అక్కడికి మాత్రం పోకూడదని గట్టిగా అనుకుంది.

సరిగ్గా అప్పుడే నక్క పరమేశం వచ్చాడు, భుజాన ఓ ఆకుపచ్చ చుట్టతో.

"అక్కా, పట్నంలో ఓ హోటలు వాళ్ళు తీసేస్తుంటే తెచ్చాను. ప్లాస్టిక్ గడ్డి. నీళ్ళు పోయక్కర్లేదు, కొయ్యక్కర్లేదు. ఇదిగో, ముట్టుకుని చూడు." చుట్ట విప్పి నేల మీద పరిచాడు.

నాంచారమ్మ వంగి ఒక పోచ కొరికింది. కాసేపు నమిలి, పక్కకి ఉమ్మేసింది.

"ఏ రుచీ లేదు. బాగుంది," అంది. "దీన్నెవరూ మెయ్యరు. మరి నీళ్ళ సంగతేమిటి?"

"ఏ నీళ్ళు?"

నాంచారమ్మ ముందుకాలు నేలకేసి గట్టిగా నొక్కింది. గిట్ట దిగిన చోట బుడబుడమని నీళ్ళు ఊరాయి. "ఈ నీళ్ళు."

"ఓ, అవా." పరమేశం తోక తిప్పాడు. "పైన ఇది పరిస్తే ఆ నీళ్ళు కనబడనే కనబడవక్కా."

కనబడవన్నాడు గానీ ఉండవనలేదు. నాంచారమ్మ అది పట్టుకుంది.

"కింద కాస్త తవ్వి, కంకర పోసి, వాగు వైపు వాటం పెట్టి, ఓ కాలువ తియ్యాలంటారే. అవేవీ అక్కర్లేదా?"

"అదంతా దండగ. ఎవరు చెప్పారో గానీ నీకు గిట్టనివాళ్ళు చెప్పుంటారు. మట్టి మీద పరిచెయ్యడం, చుట్టూ మేకులు కొట్టెయ్యడం. పొద్దున మొదలెడితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటాను."

నాంచారమ్మ ఆలోచించింది. ఈ నక్క తప్ప ఈ చుట్టుపక్కల ఆ గడ్డి తెచ్చేవాడు లేడు. గట్టిగా పట్టుబడితే సరేనంటాడు. నాలుగు రాళ్ళు పడేసి, కంకర పోశానంటాడు. పైన గడ్డి కప్పేశాక కింద ఏముందో ఎవరు చూడొచ్చారు? తను రోజంతా కాపలా కూర్చున్నా, ఒక్కసారి పిల్లలకి పాలివ్వడానికి వెళ్తే చాలు. కాపలాతో అయ్యే పని కాదిది. బాగా చెయ్యాలని వాడికే పుట్టాలి.

"సరే, నీ ఇష్టప్రకారమే కానీ," అంది. "ఇదిగో, కూలి ముందే తీసుకో." కొంగలు తమ పెళ్ళికి ఇచ్చి వెళ్ళిన ఎండుచేపల బుట్ట తెచ్చి వాడి ముందు పెట్టింది.

పరమేశం బేరాలు చాలా చూశాడు గానీ పని మొదలెట్టకుండా కూలి చేతికిచ్చినవాళ్ళని చూడలేదు. మేకలకి బుర్ర తక్కువని వాళ్ళ నాన్న చెప్పిన మాట నిజమేననుకుంటూ బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే ఇంటిల్లిపాదీ సగం బుట్ట ఖాళీ చేశారు.

మర్నాడు పొద్దున్నే నాంచారమ్మ కొండెక్కింది. పైన గుహలో ఎలుగుబంటి కొండమ్మ ఉంటుంది. ఆమె కూతురికి పెళ్ళి కుదిరిందని అందరికీ తెలుసు. ఆమె కోపం సంగతీ అందరికీ తెలుసు. ఎక్కుతున్నంతసేపూ నాంచారమ్మకి ఒకటే బెంగ. పరమేశం గానీ పారిపోతే ఆ తోటంతా తన కొమ్ములతో తనే తవ్వుకోవాలి. ముహూర్తానికి అది పూర్తవదు. అయినా అడుగు ఆగలేదు.

"పెద్దమ్మా, అమ్మాయి పెళ్ళి మా తోటలో చెయ్యండి," అంది.

కొండమ్మ తేనెపట్టు నాకుతూ తల ఎత్తింది. "కుందేళ్ళని ముంచిన తోటేగా అది? మేము కుందేళ్ళం కాదే నాంచారీ. మావాళ్ళు దిగబడితే లాగడానికి ఎవరొస్తారు?"

"బురద సంగతి మీ దగ్గర దాచను. నిజమే, వాళ్ళు దిగబడ్డారు. ఇప్పుడు పరమేశం పచ్చిక పరుస్తున్నాడు. వానకైనా బరువుకైనా ఢోకా లేదని అతనే అంటాడు. మీరే పిలిపించి అడగండి. అతను కాదంటే బండ మీదే చేసుకోండి."

కొండమ్మ కబురు పెట్టింది. పరమేశం వచ్చేసరికి గుహ ముందు ఆమె అన్నదమ్ములు, మేనమామలు, కాబోయే వియ్యపురాలు బారుగా కూర్చుని ఉన్నారు. నాంచారమ్మ ఓ పక్కన నిలబడి ఉంది.

"ఏరా, ఆ తోటలో నువ్వు పరిచే గడ్డి మా అందరినీ మోస్తుందా?" అంది కొండమ్మ. "వానొస్తే నిలుస్తుందా?"

నిలవదని చెబితే, ఇకమీదట కొండ మీద వాడి సరుకు కొనేవాడుండడు. అందరి కళ్ళూ వాడి మీదే ఉన్నాయి. పరమేశం తోక పైకెత్తి అన్నాడు, "నేను పరిస్తే తిరుగుండదు పెద్దమ్మా."

"మంచిది. మా వియ్యపురాలి కాలు గానీ జారిందా, నిన్ను కొట్టను, తిట్టను. నీ మీద కూర్చుంటాను, అంతే."

వియ్యపురాలు లేచి నిలబడింది. ఆమె కొండమ్మకంటే లావు.

నాంచారమ్మ ఇల్లు చేరేసరికి పరమేశం అడ్డదారిన ముందే వచ్చి తోట గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఎంత పని చేశావక్కా. ఇంకెవర్నయినా చూసుకో, నావల్ల కాదు."

"ఎలా తమ్ముడూ? మాటిచ్చింది నువ్వు. కూలి తీసుకుంది నువ్వు. చేపలు తిరిగిస్తావా?"

చేపలు ఎక్కడివి? పరమేశం తోటంతా కలయదిరిగాడు. అక్కడక్కడ కాలితో నొక్కాడు. నొక్కిన ప్రతిచోటా నీళ్ళు ఊరాయి. తిరిగొచ్చి మెల్లిగా అన్నాడు, "కాస్త కాలువ లాంటిది తీద్దామా?"

"దండగ అన్నావుగా."

"కంకర కూడా పోద్దాం."

"అబ్బే, ఎందుకు? మట్టి మీద పరిచెయ్యి. మధ్యాహ్నానికి భోజనానికి వెళ్ళిపోవచ్చు."

"నీకు తెలీదక్కా," పరమేశానికి కోపమొచ్చింది. "కింద నీళ్ళు పోయే దారి లేకపోతే గడ్డి నానిన చాపలా ఉబ్బుతుంది. వాళ్ళ బరువుకి నేల కుంగుతుంది, మేకులు ఊడతాయి. వాటం లేకుండా ఎవడైనా పరుస్తాడా?"

"అంటావా?" అంది నాంచారమ్మ. "నీకంత పట్టుదలగా ఉంటే నేనెందుకు కాదంటాను. కానియ్."

మిగిలిన చేపలు పందికొక్కులకి కూలిగా పోయాయి. పందికొక్కులు బంకమట్టి తవ్వి పోశాయి. పరమేశం వాగులోంచి గులకరాళ్ళు మోశాడు, భార్య చేతా బావమరది చేతా మోయించాడు. రాళ్ళ మీద ఇసుక పోసి, నీళ్ళు వదిలి, అవి ఎటు పోతున్నాయో నేలకి బుగ్గ ఆనించి చూశాడు. ఒక మూల నీళ్ళు నిలిచాయని ఆ మూలంతా మళ్ళీ తవ్వించాడు. నాంచారమ్మ అటువైపు తొంగి కూడా చూడలేదు. పిల్లలకి పాలిచ్చుకుంటూ, మిగిలిన వేళల్లో కునుకు తీసింది. ముహూర్తం ముందురోజు తోట పచ్చగా, చదునుగా, మెత్తగా తయారైంది.

పెళ్ళిలో సరిగ్గా తలంబ్రాల వేళకి వాన పట్టుకుంది. చిన్న జల్లు కాదు, కొండ కనబడనంత వాన. పెళ్ళికొచ్చిన కుందేళ్ళు అలవాటుగా చెట్ల మొదళ్ళకి పరిగెత్తాయి. నాంచారమ్మ మాత్రం పందిరి అంచున నిలబడి తన గిట్టల కిందకే చూసుకుంటోంది. నీళ్ళు పచ్చిక మీద పడ్డాయి, పోచల మధ్యకి జారాయి, మాయమయ్యాయి. కాసేపటికి తోట చివర కాలువలోంచి గలగలా వాగులోకి దూకుతున్న చప్పుడు వినిపించింది. ఎలుగులన్నీ కలిసి చిందులేశాయి. నేల ఇంచు కూడా కుంగలేదు. ఒక దూడ మాత్రం భోజనాలదాకా ఆగలేక పచ్చిక పీకబోయి, పళ్ళు జివ్వుమనేసరికి మానేసింది.

పరమేశం విందుకి రాలేదు. వానంతసేపూ కాలువలో నిలబడి, కొట్టుకొచ్చిన ఆకులు అడ్డం పడకుండా రెండు చేతులా తోడుతూనే ఉన్నాడు. వాన వెలిశాక, తడిసి ముద్దయి, నాంచారమ్మ దగ్గరికి వచ్చాడు.

"నువ్వు నన్ను మోసం చేశావక్కా."

"ఏం మోసం? పని చెప్పాను, కూలి ఇచ్చాను, నీ పేరు నలుగురిలో చెప్పాను."

ఈలోగా కొండమ్మ వచ్చి వాడి వీపు మీద ఒక్క చరుపు చరిచింది. మెచ్చుకోలే గానీ వాడు కూలబడ్డాడు. "భేషుగ్గా చేశావురా. మా గుహ ముందు కూడా నీళ్ళు నిలుస్తున్నాయి. రేపు పొద్దున్నే రా. ఇలాగే తవ్వాలి, ఇలాగే పరవాలి. నేను దగ్గరుండి చూస్తాను."

పరమేశం నాంచారమ్మ వైపు దీనంగా చూశాడు. ఆమె అప్పటికే కార్తీకంలో ముహూర్తం కావాలని వచ్చిన గొర్రెలతో మాట్లాడుతోంది.

నీతి: పైకి కనబడని పని బాగా జరగాలంటే, అది చెడితే ఆ నొప్పి ముందుగా పని చేసినవాడికే తగిలేలా చూసుకోవాలి.